చిన్న ఇల్లు – పూర్తి లెక్క

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సంఘం లెక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సంఘం లెక్కలు ప్రతి తనిఖీలోనూ చెబుతూనే ఉన్నాను. ఈ రోజు మీ ఇంటి లెక్క చెప్పదలచుకున్నాను. ఇంటి లెక్కకూ సంఘానికీ ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. తనిఖీకి వెళ్ళినప్పుడు నేను మొదట చూసేది బాకీల జాబితా. అందులో కొందరి పేర్ల వెనుక గేదె చనిపోవడం ఉంటుంది, కొందరి వెనుక జబ్బు ఉంటుంది. మరికొందరి వెనుక మాత్రం ఒక కొత్త ఇల్లు ఉంటుంది. నిన్నమొన్నటి దాకా రెండు పూటలా పాలు పోసిన మంచి సభ్యుడు, ఇల్లు కట్టిన ఏడాదికి బాకీదారుడవుతున్నాడు. అందుకే ఇది సంఘం విషయం కూడా.

మనవాళ్ళు "ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు. కట్టిన తరువాతే కష్టం తెలుస్తుందని దాని భావం. నేను మాత్రం మీతో "చూసి కట్టండి" అని మనవి చేస్తున్నాను.

గేదె ధర, గేదె ఖర్చు

మీకు బాగా తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. సంతలో గేదెను కొనేటప్పుడు దాని ధర ఒక్కటే చూసి కొనేవారు మీలో ఎవరైనా ఉన్నారా? ఎన్నో ఈత అని అడుగుతారు. పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందో పిండి చూస్తారు. వరిగడ్డి ఉందా, పచ్చిమేతకు నాలుగు సెంట్లు దొరుకుతాయా, తవుడు, చెక్క ఏ ధరలో ఉన్నాయి, ఎప్పుడు వట్టిపోతుంది, మళ్ళీ ఎప్పుడు ఈనుతుంది అని లెక్క వేస్తారు. గేదె ధర వేరు, గేదెను ఉంచుకునే ఖర్చు వేరు అని మీకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అంత జాగ్రత్తగా గేదెను కొనే మనిషి ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీని ఒకటే ప్రశ్న అడుగుతాడు: "ఎంతవుతుంది?" మేస్త్రీ ఒక అంకె చెబుతాడు. ఆ అంకెనే మనసులో పెట్టుకుని ముహూర్తం పెట్టేస్తాడు. మేస్త్రీ అబద్ధం చెప్పలేదు. గోడలు, స్లాబు, ప్లాస్టరింగు, గచ్చు వరకు తన పని లెక్క చెప్పాడు. ఇంటిని ఉంచుకునే లెక్క అతని పని కాదు, అది మన పని.

నేను సహకార డిప్లొమా చదివే రోజుల్లో మాకు ఒక సంగతి గట్టిగా నేర్పారు. ఆస్తి ఖరీదు ఒక పద్దు, దాని నిర్వహణ ఇంకొక పద్దు, దాని తరుగుదల మరొక పద్దు. మూడూ విడివిడిగా రాయాలి. సంఘంలో పాల శీతలీకరణ యంత్రం పెడితే, దాని కరెంటుకు, మరమ్మతుకు, తరుగుదలకు డబ్బు చూపించకపోతే మేము అభ్యంతరం రాస్తాము. ఇంటికి అభ్యంతరం రాసే ఇన్‌స్పెక్టరు ఎవరూ లేరు. అభ్యంతరం రాసేది అప్పులవాడే, అదీ ఆలస్యంగా.

ఒక సభ్యుని ఇల్లు

ఒక సభ్యుని సంగతి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. ఈ లెక్కలన్నీ వారి ఇంటి నోటుపుస్తకంలో నేను చూసినవి. చెప్పవచ్చునని ఆ ఇల్లాలు అనుమతి ఇచ్చారు.

ఆయనకు మూడు గేదెలు. ఎప్పుడు చూసినా రెండు పాలమీద ఉండేవి. పక్షానికి సగటున 7,200 రూపాయల పాల బిల్లు, అంటే నెలకు 14,400. దాణాకు, మేతకు, మందులకు 7,900 పోగా నెలకు 6,500 మిగిలేది. కౌలు పొలం మీద వచ్చేది తిండికి, పిల్లల చదువుకు సరిపోయేది. ఒకరి దగ్గర చేయి చాచని కుటుంబం.

2018లో తమ 2 సెంట్ల స్థలంలో రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా కలిపి 400 చదరపు అడుగుల ఇల్లు మొదలుపెట్టారు. మేస్త్రీ 6 లక్షలు అన్నాడు. దాచుకున్నది 1,80,000, ప్రభుత్వ సాయం 1,20,000, బ్యాంకు అప్పు 3,00,000. సరిగ్గా 6 లక్షలు. లెక్క కుదిరిందని సంతోషించారు.

మేస్త్రీ చెప్పిన పని 6 లక్షల్లోనే అయింది. ఆ అంకెలో లేనివి ఏమిటో వినండి. బేస్‌మట్టం లేపడానికి మట్టి తోలకం 32,000. మరుగుదొడ్డి, స్నానాలగది, గుంటలు 58,000. వైరింగు, మీటరు, ఎర్తింగు 46,000. కుళాయి, పైపులు, ట్యాంకు 28,000. తలుపులు, కిటికీలకు అనుకున్నదానికన్నా పెరిగింది 34,000. రంగులు 22,000. కొలతలు, అనుమతి, కాగితాలు 9,000. గృహప్రవేశం 41,000. మొత్తం 2,70,000. అంటే 6 లక్షల ఇల్లు 8 లక్షల 70 వేలకు తేలింది.

ఇందులో దుబారా ఏదో వేలు పెట్టి చూపించండి. గృహప్రవేశం భోజనాలు కొంత తగ్గించవచ్చు. మిగిలినవన్నీ లేకపోతే అది ఇల్లు కాదు, నాలుగు గోడలు. అవి అనుకోకుండా వచ్చిన ఖర్చులు కావు, ముందుగా రాసుకోని ఖర్చులు.

ఆ 2,70,000 ఎక్కడినుంచి వచ్చింది? ఆమె నగలు తాకట్టు పెట్టి 90,000. సంఘం నుంచి అడ్వాన్సు 40,000. ఊళ్ళో ప్రోనోటు మీద నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 1,40,000. ఇక నెలసరి చెల్లింపు చూడండి. బ్యాంకు కిస్తీ 3,800. ప్రోనోటు వడ్డీ 2,800. నగల మీద వడ్డీ 900. సంఘంలో పక్షానికి వెయ్యి చొప్పున కోత 2,000. అంతా కలిపి 9,500. పాల మీద మిగిలేది 6,500.

2019 వేసవిలో ఒక గేదె వట్టిపోయింది, రెండోది చూడి కట్టలేదు. పాలు మూడో వంతుకు పడిపోయాయి. సోదరులారా, గేదె వట్టిపోతుంది గాని కిస్తీ వట్టిపోదు. ప్రోనోటు వారు ఒత్తిడి చేస్తే ఒక గేదెను అమ్మారు. గేదె పోయాక ఆదాయం ఇంకా తగ్గింది. ఆ తగ్గిన ఆదాయంతో కిస్తీ కట్టలేక రెండోది, 2020లో మూడోది అమ్మారు. మన నియమావళిలో ఉన్నట్టే ఆ సంఘంలోనూ ఏడాదిలో ఇన్ని రోజులు పాలు పోస్తేనే ఓటు. ఆ ఏడాది సర్వసభ్య సమావేశంలో ఆయనకు ఓటు లేదు. అడ్వాన్సులో 22,000 బాకీ నిలిచిపోయింది.

ఆ బాకీ గురించి అడగడానికి నేను వారింటికి వెళ్ళాను. ఇల్లు చక్కగా ఉంది. లేత ఆకుపచ్చ రంగు వేశారు. వెనుక పశువుల పాక ఖాళీగా ఉంది, ఒక్క చిన్న పెయ్య మాత్రం కట్టి ఉంది. ఆమె నాకు టీ ఇస్తూ, "పాలు పక్కింటి నుంచి తెచ్చానండి ఇనస్పెక్టరు గారూ, ఇదివరకు మా ఇంటి పాలే పక్కవాళ్ళు తీసుకెళ్ళేవారు" అన్నారు. ఆయన తల వంచుకుని కూర్చున్నారు. నేను ఆ టీ తాగలేకపోయాను.

కారణం చెబుతాను. ఆ 40,000 అడ్వాన్సు తీర్మానాన్ని అంతకుముందు తనిఖీలో చూసి, ఎర్ర సిరాతో టిక్కు పెట్టింది నేనే. తీర్మానం సక్రమంగా ఉంది, సంతకాలు ఉన్నాయి, హామీదారు ఉన్నాడు. కాగితం సరిగా ఉందా అని చూశాను గాని, ఈ మనిషి నెలకు ఎంత కట్టగలడు అని అడగలేదు. అడిగి ఉంటే అక్కడే ఆగేది. అందుకే ఈ రోజు మీ అందరినీ ముందుగానే అడుగుతున్నాను.

నాలుగు పద్దులు

ఇల్లు కట్టదలచినవారు ఒక నోటుపుస్తకంలో నాలుగు పద్దులు తెరవండి.

మొదటిది, కట్టకముందు ఖర్చు. స్థలం కాగితాలు, రిజిస్ట్రేషను, పంచాయతీ అనుమతి, హద్దుల కొలత, మట్టి తోలకం ఇందులోకి వస్తాయి. నేల సంగతి కూడా ఇక్కడే చూడాలి. మన నల్లరేగడి భూమి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానిమీద లోతు తక్కువ పునాది వేస్తే గోడలూ బీటలు వారతాయి. పునాదికి, బెల్టుకు పెట్టే డబ్బు కంటికి కనిపించదు కాబట్టి అక్కడ తగ్గించాలని అనిపిస్తుంది. తగ్గించవలసిన చోటు అది కాదు.

బేస్‌మట్టం ఎత్తు కూడా ఇక్కడి లెక్కే. ఊళ్ళో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పెరగదు. ఇరవై ఏళ్ళ కిందట కట్టిన ఇళ్ళు ఎన్నో ఈ రోజు రోడ్డుకన్నా పల్లంలో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్ళు మునిగిన సంగతి మీరంతా ఎరుగుదురు. ఇప్పటి రోడ్డును చూసి కాక, రేపటి రోడ్డును ఊహించి బేస్‌మట్టం పెట్టండి.

రెండవది, కట్టే ఖర్చు. మేస్త్రీ అంకె ఒక వరుసలో రాయండి. దాని కింద ఇందాక నేను చదివిన జాబితా మొత్తం, ఒక్కటీ వదలకుండా రాయండి. ఒక్కొక్కదానికి ఇద్దరిని అడిగి ధర వేయండి. అంతా కూడిన తరువాత పదింట ఒక వంతు అదనంగా కలపండి. ఇసుక, ఇనుము ధరలు మన ముహూర్తం కోసం ఆగవు.

ఇందులో రెండు విషయాలు మన పశుపోషకులు మరచిపోకూడదు. ఒకటి ఎర్తింగు. పాకలో బల్బుకు లాగిన తీగ తెగి ఇనుప రాటకు తగిలితే మనిషికన్నా ముందు గేదె పోతుంది. ఎర్తింగులో మిగిలే డబ్బు ఒక గేదె ఖరీదుకు సరిపోదు. రెండవది మరుగుదొడ్డి గుంట. తాగే నీటి బోరుకు 15 మీటర్లకు తక్కువ దూరంలో గుంట తవ్వవద్దు. రెండు గుంటల మరుగుదొడ్డి అయితే ఒకటి నిండాక రెండోదానికి మళ్ళించవచ్చు. మూసిన గుంటలోనిది ఏడాది దాటాక ఎరువు అవుతుంది. సెప్టిక్ ట్యాంకు అయితే రెండు మూడేళ్ళకు ఒకసారి బండి పిలిపించి తీయించే ఖర్చు ఉంటుంది. ఏది కట్టినా ఖర్చు తెలుసుకుని కట్టండి.

మూడవది, కట్టిన తరువాత ఏటేటా ఖర్చు. ఈ పద్దు తెరిచినవారిని నేను ఇంతవరకు చూడలేదు. 400 చదరపు అడుగుల ఇంటికి ఉదాహరణగా వేసి చూపుతాను, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. ఇంటిపన్ను, నీటి రుసుము 1,200. కరెంటు నెలకు 400 చొప్పున 4,800. అయిదేళ్ళకు ఒకసారి 15,000తో రంగులు వేయిస్తే ఏడాదికి 3,000. స్లాబు, పైపులు, తలుపులు, మోటారు మరమ్మతులకు 5,000. సెప్టిక్ ట్యాంకు శుభ్రానికి ఏడాది వాటా 1,200. బీమా 800. మొత్తం ఏడాదికి 16,000, నెలకు 1,300 పైచిలుకు. అప్పు లేని ఇల్లు కూడా నెలకు ఇంత అడుగుతుంది. అడిగినప్పుడు ఇవ్వకపోతే పదేళ్ళకు ఒకేసారి లక్ష అడుగుతుంది.

బీమా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. గేదెకు బీమా చేయిస్తున్నాము, చెవికి పోగు వేయిస్తున్నాము. దాన్ని కట్టేసే ఇంటికి మాత్రం చేయించము. ఇళ్ళకోసం 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. నిప్పు, తుపాను, వరద అందులో ఉన్నాయి. మన కోస్తాలో తుపాను రాదని చెప్పగలవారు ఎవరూ లేరు.

నాలుగవది, కిస్తీ. దీనికి విడిగా చెప్పాలి.

కిస్తీని ఏ నెల చూసి ఒప్పుకోవాలి?

3 లక్షల అప్పు నూటికి 9 శాతం వార్షిక వడ్డీకి తీసుకున్నామనుకోండి. అయిదేళ్ళలో తీర్చితే నెలకు సుమారు 6,230 కట్టాలి, మొత్తం వడ్డీ 74 వేలు దాటదు. పదేళ్ళలో అయితే నెలకు 3,800, మొత్తం వడ్డీ 1,56,000. ఇరవై ఏళ్ళలో అయితే నెలకు 2,700, మొత్తం వడ్డీ 3,48,000 వరకు. అంటే చిన్న కిస్తీ కావాలని గడువు పెంచుకుంటూ పోతే ఒక ఇల్లు మనకు, ఒక ఇల్లు బ్యాంకుకు కట్టినట్టు. ఇక నూటికి రెండు రూపాయల ప్రోనోటు అయితే 1,40,000కు ఏడాదికి వడ్డీయే 33,600. అసలు ఒక్క రూపాయి కదలదు. ఇల్లు కట్టడానికి ఆ అప్పు వద్దే వద్దని నా మనవి.

బ్యాంకువారు కిస్తీ ఎంత కట్టగలరని అడిగితే మనం ఏ నెల ఆదాయం చెబుతాము? గేదెలు నిండుగా పాలిచ్చే శీతాకాలం పాల బిల్లు తీసుకువెళ్ళి చూపిస్తాము. నేను వేసవి బిల్లు చూడమంటాను. మీ సంఘం పుస్తకంలో గత 24 పక్షాల బిల్లులు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెలను వెతకండి. అందులోంచి దాణా, మేత తీసేయండి. ఇంటి నిర్వహణకు 1,300 తీసేయండి. మిగిలినదాంట్లో సగానికి మించి కిస్తీ ఒప్పుకోవద్దు. మిగతా సగం జబ్బుకు, పెళ్ళికి, కొత్త పెయ్యకు కావాలి. ఇది చట్టంలో ఉన్న నియమం కాదు, బాకీల జాబితాలు చదివి చదివి నేను నేర్చుకున్నది.

ఇంకొక ఉపాయం చెబుతాను. పునాది తవ్వకముందే ఒక ఏడాది పాటు కిస్తీ కట్టి చూడండి. బ్యాంకుకు కాదు, మీకే. నెలకు 3,800 చొప్పున రికరింగ్ డిపాజిట్ వేయండి. పాలు తగ్గిన నెలలో కూడా ఆపకుండా కట్టగలిగితే ఆ ఇల్లు మీకు తగిన ఇల్లే. కట్టలేకపోతే గేదె అమ్మకుండానే ఆ సంగతి తెలిసింది. పన్నెండు నెలలకు 45,600 చేతిలో ఉంటాయి, మట్టి తోలకానికి అవే పనికివస్తాయి.

సాయం ఎప్పుడు చేతికి వస్తుంది?

ప్రభుత్వ సాయం మీద ఒక మాట. 2016లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ పథకంలో మైదాన ప్రాంతంలో ఇంటికి 1,20,000 సాయం పెట్టారు. ఇంటి కనీస వైశాల్యం వంటచోటుతో కలిపి 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు. పక్కనున్న తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంలో 5 లక్షలు దశలవారీగా ఇచ్చేట్టు పెట్టారు. ఎక్కడైనా గమనించవలసినది ఒకటే. డబ్బు విడతలుగా వస్తుంది. పని ఒక మట్టానికి వచ్చి, ఫొటో ఎక్కి, అధికారి చూసిన తరువాత ఆ విడత పడుతుంది. పని ముందు, డబ్బు వెనుక. ఆ మధ్య వారాల్లో మేస్త్రీ కూలి ఆగదు. అక్కడే మనవాళ్ళు ప్రోనోటు రాస్తున్నారు. కాబట్టి ఒక విడతకు సరిపడే డబ్బు చేతిలో ఉంచుకునే పని మొదలుపెట్టండి. మంజూరు ఉత్తర్వులో ఏ మట్టానికి ఎంత ఇస్తారో చదివించుకుని నోటుపుస్తకంలో రాసుకోండి.

చిన్న ఇల్లు తక్కువ కాదు

నేను చెప్పిన సభ్యుని లెక్కను తరువాత తీరికగా మళ్ళీ వేసి చూశాను. 400 అడుగులకు బదులు 270 అడుగులలో ఒక గది, వంటిల్లు, వరండా కట్టి ఉంటే, మరుగుదొడ్డి, కరెంటు, నీళ్ళు, రంగులతో సహా సుమారు 6 లక్షల్లోనే అయ్యేది. ప్రోనోటు లేదు, తాకట్టు లేదు, సంఘం అడ్వాన్సు లేదు. మూడు గేదెలూ పాకలోనే ఉండేవి. రెండో గదికి పునాది మాత్రం ముందే వేసి ఉంచుకుంటే, చేయి తిరిగినప్పుడు గోడలు లేపుకోవచ్చు.

పాకకు చోటు కూడా ఇంటి లెక్కలోనిదే. ఒక గేదెకు కప్పు కింద సుమారు 4 చదరపు మీటర్లు కావాలి. 2 సెంట్లంటే 81 చదరపు మీటర్లు. అందులో ఇల్లు ఎంత పెరిగితే పాక అంత తగ్గుతుంది. పాక తగ్గితే ఆ ఇంటికి కిస్తీ కట్టేదెవరు? పక్కవాడు రెండు గదులు కట్టాడని మనమూ కడితే, పక్కవాడు మన కిస్తీ కట్టడు.

నా సొంత అనుభవం కూడా చెప్పి తీరాలి. 2004లో నేను చిన్న ఇల్లు కట్టుకున్నాను. మే నెలలో స్లాబు వేశారు. నీళ్ళు కొనాల్సి వచ్చేది. నాలుగు రోజులు తడిపి చాలునన్నాను. స్లాబుకు కనీసం 10 రోజులు, వీలైతే రెండు వారాలు మడి కట్టి నీళ్ళు నిలపాలని నాకు తెలియక కాదు, నాలుగు ట్యాంకర్ల నీళ్ళ డబ్బు మిగులుతుందని. మూడో వానాకాలానికి వంటింట్లో గిన్నెలు పెట్టవలసి వచ్చింది. ఆ స్లాబు మీద ఇంతవరకు మూడుసార్లు మరమ్మతు చేయించాను. లెక్కలు చూసే ఉద్యోగం చేస్తూ నా ఇంటి లెక్క నేనే తప్పాను. ఆ తప్పు మీరు చేయవద్దు.

కార్యవర్గానికి మనవి

ఇక్కడున్న అధ్యక్షులకు, కార్యదర్శులకు ఒక మనవి. సంఘం ఖాతాలో కనిపించే డబ్బు సంఘానిదే అనుకోవద్దు. అందులో ఎక్కువ భాగం రేపు పక్షం బిల్లులో పాలు పోసినవారికి ఇవ్వవలసినది. ఒకరి ఇంటి స్లాబు కోసం అది కదిలిస్తే మరొకరి దాణా ఆగుతుంది. నియమావళి అనుమతించి అడ్వాన్సు ఇవ్వవలసివస్తే, తీర్మానం పక్కన ఆ సభ్యుని గత ఏడాది పాల బిల్లు, ఇప్పటికే ఉన్న కోతలు, కిస్తీలు రాసిన కాగితం ఒకటి జతచేయండి. ఇకపై నేను టిక్కు పెట్టేముందు ఆ కాగితం అడుగుతాను. లేదని చెప్పడం ఆ రోజుకు కష్టంగా ఉంటుంది. కాని మంచి సభ్యుణ్ణి పోగొట్టుకోవడం అంతకన్నా కష్టం.

సోదరీమణులకు ఒక మాట. ఇంటి కాగితాల్లో మీ పేరు ఉండేట్టు చూసుకోండి. నోటుపుస్తకం మీ చేతిలో ఉంచుకోండి. పాలు పిండేది మీరు, దాణా కలిపేది మీరు, తాకట్టుకు వెళ్ళే నగలూ మీవే. "ఎంతవుతుంది" అన్న ప్రశ్న తరువాత "నెలకు ఎంతవుతుంది" అన్న ప్రశ్న మీరే అడగాలి.

ఆ సభ్యుని కుటుంబం సంగతి చెప్పి ముగిస్తాను. ఖాళీ పాకలో ఒక పెయ్య మిగిలిందన్నాను కదా. దాన్ని అమ్మమని ఎందరు చెప్పినా ఆమె అమ్మలేదు. కూలికి వెళ్ళి మేపారు. 2022లో అది ఈనింది. ఆమె తన పేరున సభ్యత్వం తీసుకుని పాలు పోయడం మొదలుపెట్టారు. సంఘం బాకీ 22,000 పక్షానికి కొంత కొంతగా తీర్చారు. నగలు ఇంకా విడిపించుకోలేదు. మొన్న తనిఖీకి వెళ్ళినప్పుడు ఆమె నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. ఒక పుటలో గేదె ఖర్చు, ఎదుటి పుటలో ఇంటి ఖర్చు. "రెండూ మేపాల్సినవే కదండీ" అన్నారు.

నేను ఇంతసేపు చెప్పినది ఆమె ఒక్క మాటలో చెప్పారు. ఈ పూట ఇంటికి వెళ్ళాక, ఇల్లు కట్టాలని ఉన్నవారు ఒక నోటుపుస్తకం తీసి, గత ఏడాది పాల బిల్లుల్లో తక్కువ నెల ఏదో వెతికి మొదటి వరుసలో రాయండి. ముహూర్తం ఆ తరువాత చూద్దాము.